మూఢంలో మేళం

కర్నూలు ఊరిని ఒక్కసారైనా పాటతో ఉలిక్కిపడేటట్లు చేయాలని నాకు చాలాకాలం కోరిక ఉండేది. నాకు పాట రాదు. శ్రుతిపెట్టె తిత్తి ఆడించడం ఒక్కటే వచ్చు. దాన్ని విద్య అనుకుంటే కొలిమి దగ్గర తిత్తులు ఊదేవాళ్ళంతా విద్వాంసులే. కానీ కోరికకు అర్హత అడిగేవాళ్ళు ఎవరూ లేరు గదా.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. ఊరు రాజధానిగా ఉన్నన్నాళ్ళూ నేను పనిచేసే ప్రెస్సుకు ఊపిరాడలేదు. ఫారాలు, నోటీసులు, సన్మానపత్రాలు. ఎంతమంది పెద్దమనుషులకు సన్మానపత్రాలు కంపోజు చేశానంటే, "మహాశయా" అనే మాటకు కావలసిన అక్షరాలు కళ్ళు మూసుకున్నా నా వేళ్ళకు దొరికేవి. తర్వాత గుడారాలు పీకేశారు, జీపులు పోయాయి, అద్దె ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మిగిలినవి ఎండ, దుమ్ము, మేము. దానికి తోడు ఆ ఎండాకాలం మూఢం వచ్చింది. గురువో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనబడకుండా పోయే ఆ రోజుల్లో ఎవరూ పెళ్ళిళ్ళు చేయరు. పెళ్ళిళ్ళు లేకపోతే శుభలేఖలు లేవు. మా యజమాని కుర్చీలోనే నిద్రపోయేవాడు. నేను అక్షరాల గళ్ళ ముందు నిలబడి పగటికలలు కనేవాణ్ణి.

పగటికలలంటే రాకుమార్తెలూ గుర్రాలూ ఏమీ లేవు. డోన్ జంక్షన్‌లో రెండు రైళ్ళు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ నిలబడి ఉంటాయి. పెట్టెల్లో అందరూ విసనకర్రలు ఊపుకుంటూ రైల్వేవాళ్ళను తిడుతుంటారు. ఇంతలో ఈ రైల్లోంచి వయొలిను లేస్తుంది. ఆ రైల్లోంచి మృదంగం జవాబు చెబుతుంది. టీ అమ్మేవాడు అరవడం మానేసి కెటిలు పట్టుకుని అట్లాగే నిలబడిపోతాడు. ఇంకొక కలలో కోర్టు బంట్రోతు వసారాలోకి వచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడు పిలుపులనూ మూడు స్థాయిల్లో ఎత్తుకుంటాడు. చెట్టు కింద ప్లీడర్లు తాళం వేస్తారు. భూమి తగాదా కోసం వచ్చిన అన్నదమ్ములు తగాదా మరచిపోయి పక్కపక్కన కూర్చుంటారు. ఇక్కడికి వచ్చేసరికి నాకే నమ్మకం కుదరక కల ఆపేసేవాణ్ణి. భూమి తగాదా మరిచిపోయే అన్నదమ్ములు మా జిల్లాలో కలలో కూడా పుట్టరు.

ఈ కలలన్నిటిలో చివరికి వచ్చి క్లారినెట్టు ఊదేది మా మామ. మా అమ్మ తమ్ముడు. కలలో ఊదడానికి ఆయన ఏమీ పుచ్చుకునేవాడు కాదు గనుక ఆయన్నే పిలిచేవాణ్ణి.

మెలకువలో మాత్రం మామ పరిస్థితి బాగాలేదు. ఆయన క్లారినెట్టుకు కర్నూలు, కడప జిల్లాల్లో పేరుండేది. వేంపల్లె దాకా పెళ్ళిళ్ళకు పిలిచేవారు. అటువంటి మనిషికి ఆ వేసవి మొదట్లో పైవరస ముందుపళ్ళు నాలుగు కదిలాయి. పళ్ళ డాక్టరు నాలుగూ పీకేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. మనలాంటివాళ్ళకైతే ఇది అన్నం నమలడానికి సంబంధించిన సంగతి. క్లారినెట్టు ఊదేవాడికి అట్లా కాదు. ఆ వాయిద్యం మూతిని పైపళ్ళతో గట్టిగా అదిమి పట్టాలి. పళ్ళు కదిలితే స్వరం కీచుమంటుంది. పళ్ళు ఊడితే స్వరమే ఉండదు.

పళ్ళు కదలకముందే మామ పెళ్ళికి వాయిస్తానని కడపలో ఒక పెద్ద ఇంటివాళ్ళ తాంబూలం పుచ్చుకుని ఉన్నాడు. మూఢం పోగానే మొదటి ముహూర్తం వాళ్ళది. తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగించాలి. ఆ సమయంలో ఎవరు తుమ్మినా, ఎవరి నోట పాడుమాట వచ్చినా పెళ్ళికూతురి చెవిన పడకుండా మేళం కప్పేయాలి. అప్పుడు గనక క్లారినెట్టు ఆగిపోతే, ఆ ఇంట్లో ఆ తర్వాత పదేళ్ళదాకా ఏ గేదె ఈనకపోయినా అది మామ తప్పే. ఆపైన ఆయన్ను రెండు జిల్లాల్లో ఎవరూ పిలవరు. ఆయనకు ఇంకో పని రాదు.

తలుపు వేసుకుని వాయిస్తే మామకు బాగానే వచ్చేది. ఎదురుగా మనిషి కూర్చుంటే చాలు, దవడ బిగుసుకుని పళ్ళు లేచేవి. ఒకరోజు మా అత్త, అంటే మామ భార్య, పక్కింటి ఆడవాళ్ళను నలుగురిని పిలిచి కూర్చోబెట్టింది, అలవాటవుతుందని. మామ పల్లవి సగం వాయించేసరికి పళ్ళు జారి నేలబండ మీద టక్కుమని పడ్డాయి. ఆడవాళ్ళు పాపమన్నారు. అత్త కళ్ళు తుడుచుకుంది. నేను నవ్వాను. అందుకు రెండు రోజులు ఆ ఇంట్లో నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం అత్తే ప్రెస్సుకు వచ్చింది. యజమాని నిద్ర చెడిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"ఏమబ్బీ, మీ మామ సోమారం పొద్దున బస్సుకు కడపకు పోతాండాడు. తాంబూలం ఎనక్కిస్తాడంట."

"ఎనక్కిచ్చేదేముండాది అత్తా? ఆకులు ఎప్పుడో ఎండిపోయింటాయి."

"నీ ఎగతాళి తగలెయ్య! తాంబూలం తీసుకొని రానన్యాడంటే ఇంగ ఎవురు పిలుస్తారు ఆయన్ను? మూడు దినాలాయ, సంగటి ముట్టల్యా. నువ్వన్నా చెప్పు."

"నేను చెప్తే వింటాడా?"

"వినడు. అయినా చెప్పు. నువ్వు మాట్లాడితే కోపమన్నా వస్తాది ఆయనకు. గమ్మున గోడకల్లా సూస్తా కూసోనుండాడు."

ఆ సాయంత్రం పోయి చూస్తే నిజంగానే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పక్కన డోలు వాయించే ఆయన కూడా అదే గోడ చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే తాళం. నేను ఆయన్ను అన్నా అంటాను, వయసుకు తాత అనాలి, ఒప్పుకోడు.

"మామా, నీకిప్పుడు జనం ముందర వాయించి సూసుకోవల్ల. అంతేనా?" అన్నాను.

"అంతే. పెండ్లిలో సూసుకుంటే పెండ్లి పాడైతాది."

"పెండ్లి లేని తావ వాయించు."

"పెండ్లి లేకుండా ఎవురు పిలుస్తార్రా?"

"ఎవురూ పిలవరు. మనమే పోదాం. రేపు సాయంత్రం బజార్లో వాయిస్తా కాలవ దాకా పోదాం. తప్పుపోతే పోనీ. ఆడ ఎవురి తాళీ లేదు, ఎవురి ముహూర్తమూ లేదు."

"ఊరకనే?"

"ఊరకనే."

మామ ఆ మాటను కట్టుడు పళ్ళలాగే నోట్లో ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఆయన ఎన్నడూ ఊరకనే వాయించి ఎరగడు.

"పిచ్చోళ్ళనుకుంటారప్పా," అన్నాడు డోలు ఆయన.

"అనుకోనీ అన్నా. కర్నూల్లో పిచ్చోళ్ళయితే కడపలో ఎవురికి తెలుస్తాది?"

ఇది ఇద్దరికీ న్యాయంగా తోచింది.

నిజం చెప్పాలంటే నా మనసులో మామ పళ్ళు సగమే ఉన్నాయి. మిగతా సగంలో డోన్ రైళ్ళు, కోర్టు బంట్రోతు ఉన్నారు. జనం తమ పనుల్లో తాము ఉండగా పాట వచ్చి వాళ్ళ మీద పడుతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు, తలలు ఎత్తుతారు. ఇంతకాలానికి ఆ అవకాశం కాళ్ళ దగ్గరికి వచ్చింది. అందుకని సేనాపతిలా ఏర్పాట్లు చేశాను. బట్టలు బాగుండాలని ఇద్దరినీ చలవచేసిన తెల్లపంచెలు కట్టుకోమన్నాను, నేనూ కట్టుకున్నాను. పళ్ళకు అలవాటయ్యేదాకా నెమ్మదిగా, సాగదీసి వాయించమన్నాను. డోలు గట్టిగా కొడితే మామ బెదురుతాడని మెత్తగా కొట్టమన్నాను. ఏ అంగడి దగ్గర కుక్క ఉందో, ఏ మలుపు దగ్గర బస్సు అడ్డం వస్తుందో, అన్నీ ఆలోచించాను.

ఆలోచించనిది ఒక్కటే. మా ఊళ్ళో మేళం మూడింటికే వీధిలోకి వస్తుంది. దేవుడికి, పెళ్ళికి, మనవళ్ళనూ మునిమనవళ్ళనూ చూసి పోయిన ముసలివాళ్ళ చావుకు. దేవుడి ఉత్సవం ఏ రోజో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మూఢంలో పెళ్ళిళ్ళు లేవు. ఆ సంగతి పంచాంగంలో నా చేత్తో నేనే కంపోజు చేశాను. ఇక తెల్లపంచెల్లో ముగ్గురు మనుషులు నెమ్మదిగా, సాగదీసి, మెత్తని డోలుతో బజారులోకి వస్తే దానర్థం ఏమిటో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆదివారం అయిదు గంటలకు సందు మలుపులో మొదలుపెట్టాం. మామ కళ్ళు మూసుకుని వాయించాడు. మొదటి స్వరం వణికింది. రెండోది నిలబడింది. నేను మెడకు తగిలించుకున్న శ్రుతిపెట్టె తిత్తి ఆడిస్తూ పక్కన నడిచాను. ఎండ ఇంకా బండల మీద మండుతూనే ఉంది.

మొదట బొరుగుల అంగడాయన తల ఎత్తాడు. నా గుండె పొంగింది. ఆయన లేచి నిలబడ్డాడు. మరీ పొంగింది. తర్వాత ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అంగడి పలకల్లో సగం మూసేశాడు. ఆ పక్కన గాజుల అంగడిలోనూ పలకలు మూశారు. ఆ పైన ఇత్తడి సామాన్ల అంగడి. మేము నడిచేకొద్దీ రెండువైపులా పలకలు టకటకా పడుతున్నాయి. బజారులో శవం పోతుంటే అంగళ్ళు సగం మూయడం మా ఊరి మర్యాద. ఆ మర్యాద నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ క్షణాన, ఎండ పడుతుందని మూస్తున్నారేమో అనుకున్నాను. మనిషి తనకు కావలసిందే చూస్తాడు.

వెనక నలుగురు చేరారు. పదిమంది అయ్యారు. చూస్తుండగానే నలభైమంది దాకా తలలు వంచుకుని నడుస్తున్నారు. మామ ఒక కన్ను తెరిచి వెనక్కి చూశాడు. ఇంతమంది తన పాట వింటున్నారని ఆయన అనుకున్నట్లుంది. పళ్ళు ఇంకొంచెం గట్టిగా పట్టాడు. స్వరం ఇంకొంచెం నిండుగా వచ్చింది.

బొరుగుల ఆయన చేటనిండా బొరుగులతో నా పక్కకు వచ్చాడు. శవం ముందర చల్లే మరమరాలు అవి.

"శవం యాడుండాదప్పా? శెట్టి ఇంటి కాన్నించే ఎత్తుతారా?" అన్నాడు చెవిలో.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. నూనె అంగడి శెట్టి ఆ బజారు మధ్యలోనే, అంగడి వెనక ఇంట్లో ఉంటాడు. డెబ్భై దాటినవాడు, పదిరోజులుగా చలిజ్వరంతో బయటికి రాలేదు. ఊరంతా కలిసి ఆయన్ను చంపేసి, మేళం వెంట ఆయన ఇంటికి పోతున్నారు.

మామకు చెబితే దవడ బిగుస్తుంది. చెప్పకపోతే శెట్టి వాకిట్లో మాకు దెబ్బలు. మలుపు తిప్పి తప్పించుకుందామంటే వెనక నలభైమంది. నేను ఏమీ చెప్పకుండా తిత్తి ఆడించాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అది అందులో పెద్దది.

శెట్టి అంగడి దగ్గరికి రాగానే జనం ఆగిపోయారు. దారి లేక మేమూ ఆగాం. శెట్టి కొడుకు ఎవరికో నూనె కొలుస్తున్నాడు. ఇంతమంది తలలు వంచుకుని తన అంగడి ముందు నిలబడడం చూసి, నూనె గరిటె చేతిలో అట్లాగే పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాడు, తండ్రి నిజంగానే పోయాడేమో చూసి రావడానికి.

వచ్చింది తండ్రే. అంత ఎండలో కంబళి కప్పుకుని, కొడుకు భుజం పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. మామ వాయించడం ఆపేశాడు.

"ఎవురప్పా పోయింది?" అన్నాడు శెట్టి.

ముందు వరసవాళ్ళు ఒకరి వెనక ఒకరు జరిగారు. చివరికి బొరుగుల ఆయనే నిజాయితీగా చెప్పాడు.

"నువ్వే అనుకుంటిమి శెట్టీ."

"నేనా? నాకెవురూ చెప్పల్యానే."

జనంలో ఎవరో నవ్వి దగ్గుగా మార్చారు. శెట్టి జనం మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. తర్వాత అంగళ్ళ వైపు చూశాడు. చూపు ఒకచోట ఆగింది.

"ఆ కంబళ్ళ అంగడోడు పలకలు మూయల్యా. సూడండప్పా. ముప్పై ఏండ్ల సావాసం."

"నీ కొడుకే మూయల్యా, నేనేమిటికి మూయల్ల?" అని కంబళ్ళ అంగడి లోపలినుంచి కేక వచ్చింది.

ఇది న్యాయమేనని శెట్టి తల ఊపాడు. తర్వాత మావైపు తిరిగాడు.

"మిమ్మల్నెవురు పిలిచినారు?"

"ఎవురూ పిలవల్యా శెట్టిగారూ. ఊరకనే వాయిస్తాండాం," అన్నాను.

"మూఢంలో. బజార్లో. ఊరకనే."

"అవును."

ఇంటిలోపల ఆడవాళ్ళ ఏడుపు వినబడుతోంది. శెట్టి బతికే ఉన్నా మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో ఆపలేకపోతున్నారు.

"సూడప్పా," అన్నాడు మామతో. "సావుమేళం నా వాకిట్లో దించినారు. దీన్ని ఇట్లే ఇడ్సిపెట్టి పోతే మా ఇంట్లో ఆడోళ్ళు నన్ను బతకనియ్యరు. మేళం మార్చు. గట్టిమేళం వాయించు. పెండ్లికి ఎట్ల వాయిస్తావో అట్ల. మధ్యలో ఆపినావంటే మాత్రం నేనొప్పుకోను."

మామ నావైపు చూశాడు. ఆయన ఏ క్షణానికి భయపడి కడప బస్సెక్కి పోదామనుకున్నాడో, ఆ క్షణాన్ని నేను చేయిపట్టుకుని బజారు నడుమకు తెచ్చి నిలబెట్టాను. ఏదైనా వేళాకోళం చేసి దీన్ని తేలిక చేద్దామని చూశాను. ఏమీ దొరకలేదు. "మామా" అని మాత్రం అన్నాను.

ఆయన బొటనవేలితో పైపళ్ళను ఒక్కసారి లోపలికి నొక్కుకున్నాడు. డోలు ఆయనకు తల ఊపాడు.

డోలు విరుచుకుపడింది. దానిమీద క్లారినెట్టు ఎగిసింది. రెండో ఊపిరి దగ్గర ఒక స్వరం చీలింది. మామ పైపెదవి కదలడం చూశాను. కళ్ళు మూసుకున్నాను. నేలబండ మీద టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. అది రాలేదు. కళ్ళు తెరిచేసరికి మామ మెడనరాలు ఉబ్బి, గడ్డం కిందికి వంచి, పళ్ళను వాయిద్యానికి మేకులా దిగగొట్టి వాయిస్తున్నాడు. లోపలి ఏడుపు ఆగింది. శెట్టి భార్య బయటికి వచ్చి, చేతికి దొరికిన బియ్యం తెచ్చి మొగుడి నెత్తిన పోసింది. శెట్టి కంబళిలోంచి ఒక వేలు తీసి, తాళి కట్టేటప్పుడు పురోహితుడు ఊపినట్లు మేళానికి ఊపాడు. ఆయన వేలు దించేదాకా మామ ఆపలేదు.

నేను అరుగు అంచున కూర్చుండిపోయాను. ఏ దెబ్బలు తినకుండా దెబ్బలు తిన్నంత అలసట వచ్చింది. మామ క్లారినెట్టు దించి, నాలుకతో పైపళ్ళు ఒకటి, రెండు, మూడు, నాలుగు తడుముకున్నాడు. నాలుగూ ఉన్నాయి.

పని అయిపోయింది గదా, జనం పోతారనుకున్నాను. పోలేదు. బొరుగుల ఆయన చేటలోవి చల్లడానికి శవం లేక తనే ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. అది చూసి పక్కవాళ్ళు చేతులు పెట్టారు. అందరూ నిలబడి బొరుగులు తింటున్నారు. వెనకనుంచి ఎవరో అన్నారు:

"ఇంగొకటి వాయించప్పా."

"ఏమిటికి?" అన్నాడు మామ, అలవాటు కొద్దీ.

"ఏమిటికేముండాది? ఊరకనే."

మామ వాయించాడు. ఒకటి కాదు, రెండు. ఎవరి పెళ్ళీ లేదు, ఎవరి చావూ లేదు. నలభైమంది ఎండలో నిలబడి విన్నారు. కంబళ్ళ అంగడాయన కూడా గుమ్మంలోకి వచ్చాడు. నా కల నా ముందర జరుగుతోంది, నేను ఊహించినదానికన్నా కొంచెం చెమటగా. నంద్యాల బస్సు వచ్చి హారను మోగించి జనాన్ని చీల్చుకుని పోయేదాకా జరిగింది. డ్రైవరుకు మాత్రం ఏ రాగమూ పట్టలేదు.

సోమవారం పొద్దున కడప బస్సు వెళ్ళే వేళకు మామ నిద్రలేవలేదు. అత్త లేపలేదు. నేను ప్రెస్సుకు పోతూ తొంగి చూస్తే, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. "సంగటి రెండు ముద్దలు తిన్యాడు," అని అత్త గుసగుసగా చెప్పింది. నాకు పీట వేసింది.

మూఢం పోయింది. కడపకు ముగ్గురమూ పోయాం. తాళి కట్టే వేళకు పెళ్ళివారు తోసుకుంటూ లేచారు, ఎవరో ముసలావిడ తుమ్మింది కూడా. గట్టిమేళంలో అది నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నాకైనా వినబడలేదు, ఆమె ముక్కు చూసి తెలుసుకున్నాను. మామ స్వరం ఎక్కడా చీలలేదు.

ఆ పూట పంక్తిలో మామ పక్కన కూర్చున్నాను. ఆకులో చక్కిలం పెట్టారు, గట్టిది. నేను దాన్ని పక్కకు జరిపాను.

"తినవేమిరా?" అన్నాడు మామ.

"పండ్లు నొప్పి మామా."

"నీకేమైంది?"

"నువ్వు వాయిస్తాన్నంత సేపూ నేను కరిచిపట్టుకోనుంటి. దవడ తెరుచుకునేదానికి రాల్యా."

మామ నా ఆకులోంచి చక్కిలం తీసుకుని ముందుపళ్ళతో కొరికాడు. ఎదురు వరసలో వాళ్ళు తల ఎత్తి చూసేంత చప్పుడైంది.

"గట్టివి తినొద్దని డాక్టరు చెప్పినాడు గదా," అన్నాను.

"ఆయన కడపకు రాల్యా గదా," అని మామ రెండోదానికి వడ్డించేవాణ్ణి పిలిచాడు.